కాకినాడ చేరిన పాత ఫౌజీ – జె.బి.ఎస్. హాల్డేన్

ఈ ఏడాది సంచికకి ఎవరైనా ప్రముఖుడి జీవితం రాసివ్వమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ఎప్పుడూ రాసే పేర్లు కాకుండా ఒక పాత ఫౌజీ కథ చెబుదామనిపించింది. ఆయన తెలుగువాడు కాదు, పుట్టుకతో భారతీయుడూ కాదు. కానీ ఆయన దేహం చివరికి చేరింది మన కాకినాడకే. పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్.

1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గాలి, శ్వాస మీద పరిశోధన చేసిన పెద్ద శాస్త్రవేత్త. బొగ్గుగనుల్లో విషవాయువు పసిగట్టడానికి చిన్న పిట్టల్ని దింపే పద్ధతి ఆయన చెప్పిందే. కొడుకుని కూడా గనిలోకి తీసుకెళ్ళి, వాయువు నిండినచోట నిలబెట్టి నాటకంలో ప్రసంగం ఒకటి అప్పజెప్పించారట. పిల్లవాడు కాసేపటికే కింద పడ్డాడు. తేలికైన ఆ వాయువు పైన ఉంటుందని, నేల దగ్గర గాలి బాగుంటుందని అలా నేర్పారు! మన ట్రైనింగ్ ఉస్తాదులు వీళ్ళ ముందు ఎంత చెప్పండి.

1914లో యుద్ధం మొదలయ్యేసరికి బ్లాక్ వాచ్ రెజిమెంటులో చేరారు. పని బాంబులు, ట్రెంచ్ మోర్టార్లు. 1915లో శత్రువు క్లోరిన్ వదిలినప్పుడు తండ్రితో కలిసి ఆ గ్యాస్ తామే పీల్చి మాస్కుల్ని పరీక్షించారు. ఫ్రాన్స్‌లో ఒకసారి, మెసపొటేమియాలో ఒకసారి గాయపడ్డారు. రెండోసారి చికిత్సకి పంపింది ఇండియాకే. ఈ దేశం మీద మనసు పడింది అప్పుడే. అయితే ఏలేవాళ్ళ మనిషిగా మాత్రం మళ్ళీ రాకూడదనుకున్నారు.

అదే 1915లో ఎలుకల రంగు మీద చేసిన ఒక పరిశోధన వ్యాసం అచ్చయింది. తల్లిదండ్రుల లక్షణాలు కొన్ని జతగా పిల్లలకి దిగుతాయని చెప్పే వ్యాసం అది. కలిసి పనిచేసిన స్నేహితుడు స్ప్రంట్ అప్పటికే యుద్ధంలో చనిపోయాడు. చెల్లెలు నయోమి మూడో భాగస్వామి. హాల్డేన్‌కి సైన్సులో డిగ్రీ లేదన్న సంగతి చాలామందికి తెలియదు. చదివింది గణితం, గ్రీకు, లాటిన్.

తర్వాతి ఇరవై ఏళ్ళ పని లెక్కలతో నిండినది, అదంతా ఇక్కడ అక్కర్లేదు. ఒక్కటి చెప్పుకోవాలి. మనిషి జన్యువులో కొత్త మార్పు ఎంత తరచుగా వస్తుందో రక్తం గడ్డకట్టని హీమోఫిలియా జబ్బుని చూసి 1935లో అంచనా కట్టారు. 1939 జూన్‌లో థెటిస్ సబ్‌మెరీన్ మునిగి 99 మంది పోయాక, లోపలివాళ్ళకి ఏమై ఉంటుందో తెలుసుకోవడానికి తానే ఉక్కు గదిలో కూర్చున్నారు. నేవీ కోసం సాగిన ఆ ప్రయోగాల్లో మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. నొప్పి ఆయన్ని వదల్లేదు.

ఇక మన రిసాలివాళ్ళకి దగ్గరి సంగతి. తలసీమియా లాంటి రక్తదోషాలు మలేరియా ఉన్న ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? 1949 ప్రాంతంలో ఆయన ఇచ్చిన జవాబు ఇది: దోషం ఒక్క వైపు నుంచే వచ్చినవాడు మలేరియాకి తట్టుకుంటాడు, అందుకే ఆ జన్యువు వంశాల్లో నిలిచిపోయింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వచ్చిన బిడ్డ మాత్రం రోగంతో బాధపడుతుంది. 1954లో తూర్పు ఆఫ్రికాలో ఆలిసన్ అనే వైద్యుడు సికిల్ సెల్ విషయంలో దీన్ని రుజువు చేశారు. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ మాట తెలియని ఇల్లు తక్కువ. ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, ఎముకలు పిండేసే నొప్పి వస్తుంది.

1957లో హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చి మహలనోబిస్ గారి గణాంక సంస్థలో చేరారు. సూయజ్ మీద బ్రిటన్ దాడి నచ్చలేదన్నది అసలు కారణం. మేజోళ్ళు తొడిగే బాధ తప్పుతుందని కూడా సరదాగా అనేవారట. ధోవతి, కుర్తా కట్టారు, మాంసం మానేశారు, భారత పౌరులయ్యారు. అక్కడ ఆయన దగ్గర చేరిన కుర్రాడే పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు.

ఖరీదైన పరికరాలు లేకుండా కళ్ళతో, కాగితంతో చేయగల పని వెతకమనేవారు హాల్డేన్. కృష్ణారావు గారు చెవుల మీద వెంట్రుకలు మొలిచే మగవాళ్ళ వంశవృక్షాలు రాశారు. అది తండ్రి నుంచి కొడుక్కే పోతుందని అప్పుడు భావించారు. 2004లో డి.ఎన్.ఏ. పరీక్ష అది నిజం కాదని తేల్చింది, పరిశోధన అంటే అంతే మరి. రెండో పని మేనరికాలు. మేనమామ-మేనకోడలు పెళ్ళిలో పుట్టే బిడ్డకి ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ అందే అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనత్త, మేనమామ పిల్లల మధ్య అయితే పదహారింట ఒకటి. ఆంధ్రలో ఈ పెళ్ళిళ్ళ లెక్కలు కృష్ణారావు గారు, మీరాఖాన్ గారు 1960ల మొదట్లో అచ్చు వేయించారు.

1962లో హాల్డేన్ భువనేశ్వర్ మారి కొత్త ప్రయోగశాల పెట్టారు. క్యాన్సర్ వచ్చినా దాని మీద హాస్య పద్యం రాశారు. 1964 డిసెంబరు 1న పోయారు. వీలునామా ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి, విద్యార్థుల చదువుకి ఇచ్చారు.

ఇదంతా నేను ఎందుకు వెతికి చదివానో చెప్పాలి. మాది పార్వతీపురం పక్క పల్లె. నా తమ్ముడు తొమ్మిదో ఏట కీళ్ళ నొప్పులతో, పచ్చబడిన కళ్ళతో పోయాడు. గాలి సోకిందన్నారు అప్పట్లో. మొన్న మా చెల్లెలు తన కూతురిని మా పెద్దవాడికి ఇస్తానంది. మా ఆవిడకి చాలా ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ మా తమ్ముడు గుర్తొచ్చి, ముందు రక్తపరీక్ష చేయిద్దామన్నాను. చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి తనే అమ్మాయిని తీసుకుని రిసాలి వచ్చింది. ఇద్దరి రక్తం ఇచ్చాం. రిపోర్టు బుధవారం ఇస్తామన్నారు.