లెక్సింగ్టన్ నౌకను గాచిన ఓహేర్

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై జపాను విమానములు బాంబులు గురిపించిన సంగతి ఉత్తరాంధ్రమున మరపునకు వచ్చునది కాదు. ఆ విమానములు సముద్రమున దేలు ర్యూజో యను విమానవాహక నౌకనుండి వచ్చినవి. (ఆ జపానునకే బైలడిల్లా ఇనుపఖనిజము పంపుటకై 1960 దశకమున కొత్తవలసనుండి కిరండూలునకు రైలుమార్గము వేయబడుట కాలవైచిత్ర్యము.) నాడు పట్టణము విడిచి పల్లెలకు తరలిన కుటుంబములవారికి, అట్టి దండున కొక్కడు ఎదురు నిలుచుట యెంతటి పనియో మేము వివరింప నక్కరలేదు. అంతకు నెలన్నర ముందు పసిఫిక్ మహాసముద్రమున అట్లు నిలిచినవాడు అమెరికా నావికా వైమానికుడు ఎడ్వర్డు హెన్రీ ఓహేర్.

ఇతడు 1914 మార్చి 13న సెయింట్ లూయీ నగరమున జన్మించెను. 1937లో అన్నాపోలిస్ నావికా విద్యాలయమున పట్టము పొంది, పిమ్మట విమానవిద్య నభ్యసించెను. తండ్రి న్యాయవాది. షికాగో నేరస్థుల నాయకుడగు ఆల్ కపోన్‌తో వ్యాపారపు పొత్తు గలిగియుండి, తుదకు అతనిపై పన్ను ఎగవేత నేరము రుజువగుటకు ప్రభుత్వమునకు తోడ్పడెను. 1939 నవంబరులో షికాగోలో తుపాకిగుండ్లకు బలియయ్యెను. తండ్రి ప్రాయశ్చిత్తమే కుమారుని శౌర్యముగా ఫలించెనని నీతికథ లల్లువారు పెక్కురు. మాకది రుచింపదు. కొడుకు పరాక్రమము కొడుకుదే.

1942 ఫిబ్రవరి 20న లెక్సింగ్టన్ నౌక రబౌలు దిక్కునకు పోవుచుండగా జపాను బాంబరులు దానిపైకి వచ్చెను. తక్కిన విమానములు మొదటి దండును తరుముచుండ, రెండవ దండు మరియొక దెసనుండి కానవచ్చెను. అవి ఎనిమిది. అడ్డుకొనుటకు చేరువ నున్నవి రెండే. అందొకదాని తుపాకులు మొరాయించెను. మిగిలినవాడు ఓహేర్ ఒక్కడే. అతని వైల్డ్‌క్యాట్ విమానమున నాలుగు తుపాకులు గలవు గాని, ఎడతెగక పేల్చినచో గుండ్లు అరనిమిషమునకు కొంచెము పైగా మాత్రమే వచ్చును. కావున అతడు వాటిని వెదజల్లక, మిక్కిలి చేరువకు బోయి, ఒక్కొక్క బాంబరు యింజనుకు గురిచూచి కొట్టెను. ఐదు కూల్చెనని నాడు లెక్కగట్టిరి. జపాను పత్రములతో సరిచూచిన పిదప మూడని తేలెను. మూడైన నేమి? నౌకకు ఒక్క బాంబును తగులలేదు.

ఏప్రిల్ 21న అధ్యక్షుడు రూజ్వెల్టు అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ నొసగెను. అమెరికా సైనికునకు అంతకు మించిన పతకము లేదు. అతడు గాచిన నౌక మాత్రము మే 8న పగడాల సముద్ర యుద్ధమున మునిగెను.

1943 నవంబరు 26 రాత్రి, గిల్బర్టు దీవుల చేరువ, ఎంటర్‌ప్రైజ్ నౌకనుండి చీకటిలో శత్రువిమానముల నెదుర్కొనబోయిన ఓహేర్ తిరిగి రాలేదు. అప్పటి కతని వయస్సు ఇరువదితొమ్మిది. దేహము గాని విమానము గాని దొరకలేదు. తండ్రి హతుడైన షికాగో నగరమే 1949లో తన విమానాశ్రయమునకు అతని పేరు పెట్టెను.