మొఘలులకు చిక్కని మాలిక్ అంబర్

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో 1616 ప్రాంతపు మొఘల్ చిత్రం ఒకటి ఉంది. చక్రవర్తి జహంగీర్ భూగోళంపై నిలబడి, ఈటెకు గుచ్చిన తలపై బాణం వేస్తుంటాడు. ఆ తల మాలిక్ అంబర్‌ది. ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ గీసిన ఈ దృశ్యం ఎన్నడూ జరగలేదు. ఆ తరువాత కూడా అంబర్ పదేళ్లు బతికాడు. మొఘలులకు చిక్కకుండానే కన్నుమూశాడు.

అంబర్ 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. అసలు పేరు చాపు. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడై, చేతులు మారుతూ బాగ్దాద్ చేరాడు. అక్కడి యజమాని మీర్ ఖాసిం చదువు చెప్పించి, ఇస్లాంలోకి మార్చి, అంబర్ అని పేరు పెట్టాడు. 1570ల తొలినాళ్లలో అతన్ని దక్కన్‌కు తెచ్చి, అహ్మద్‌నగర్ పేష్వా చెంగిజ్ ఖాన్‌కు అమ్మారు. చెంగిజ్ ఖాన్ కూడా ఒకప్పటి హబ్షీ బానిసే. ఆయన మరణం తరువాత అంబర్‌కు స్వేచ్ఛ దొరికింది. కొంతకాలం బీజాపూర్ కొలువులో పనిచేసి, 1590లలో సొంత గుర్రపు దళంతో అహ్మద్‌నగర్‌కు తిరిగొచ్చాడు.

అప్పటికే అక్బర్ కన్ను దక్కన్‌పై పడింది. 1596లో చాంద్ బీబీ మొఘల్ ముట్టడిని నిలువరించినా, బేరార్‌ను వదులుకోక తప్పలేదు. 1600లో సొంత సైనికుల చేతిలోనే ఆమె హతమైంది. కోట పడిపోయింది. బాల సుల్తాన్ బహదూర్‌ను గ్వాలియర్ కోటలో బంధించారు. నిజాంషాహీ కథ ముగిసిందనే ఆగ్రా అనుకుంది.

అంబర్ అలా అనుకోలేదు. రాజవంశానికి చెందిన ముర్తజాను వెతికి పరాండా కోటలో సింహాసనం ఎక్కించాడు. కూతురినిచ్చి పెళ్లి చేశాడు. మొఘలుల పెద్ద ఫిరంగులకు, బరువైన సేనకు బయలు ప్రదేశంలో ఎదురునిలిచే బలం తనకు లేదని అతనికి తెలుసు. అందుకే తేలికపాటి మరాఠా అశ్వికదళాలతో రాత్రిపూట దాడి చేయడం, ధాన్యం బండ్లను దోచుకోవడం, కొండల్లోకి జారుకోవడం యుద్ధనీతిగా మార్చుకున్నాడు. 1610లో అహ్మద్‌నగర్ కోటను తిరిగి పట్టుకున్నాడు.

అయితే అతని రాజభక్తికి హద్దులున్నాయి. డచ్ వర్తకుడు వాన్ డెన్ బ్రూకే రాతల ప్రకారం, అంతఃపురంలో పెద్ద రాణి అంబర్ కూతురిని బానిస బిడ్డ అని అవమానించింది. ఆ గొడవ ముదిరి, అంబర్ సుల్తాన్‌కూ ఆ రాణికీ విషం పెట్టించాడు. మరో బాలుడిని గద్దెనెక్కించి తానే పాలించాడు.

1616లో మొఘలులు అతన్ని ఓడించి, అతను కట్టించిన రాజధాని ఖిర్కీని తగలబెట్టారు. మరుసటి ఏడు యువరాజు ఖుర్రం ఒత్తిడికి అహ్మద్‌నగర్ కోట వదులుకోవాల్సి వచ్చింది. అయినా అంబర్ మళ్లీ లేచాడు. 1624లో భాత్వడీ దగ్గర చెరువు కట్ట తెంచి శత్రువుల దారిని బురదమయం చేశాడు. మొఘల్, బీజాపూర్ ఉమ్మడి సేనను చిత్తు చేశాడు. ఈ యుద్ధంలో అతని తరఫున పోరాడినవారిలో శివాజీ తండ్రి షాహాజీ ఒకరు.

1626లో దాదాపు 78 ఏళ్ల వయసులో అంబర్ మరణించాడు. జహంగీర్ తన జ్ఞాపకాల్లో పలుచోట్ల అతని రంగును ఎత్తిచూపి దూషించాడు. కానీ మొఘల్ చరిత్రకారుడు ముతామిద్ ఖాన్ మాత్రం యుద్ధంలోనూ పాలనలోనూ అతనికి సాటి లేరని ఒప్పుకున్నాడు.

ఆ తరువాత గోడ కూలింది. 1633లో కొడుకు ఫతే ఖాన్ దౌలతాబాద్‌ను మొఘలులకు అప్పగించాడు. షాహాజీ 1636 వరకు పోరాడి లొంగిపోయాడు. అదే ఏడు గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా కూడా మొఘల్ ఆధిపత్యాన్ని అంగీకరించాడు. అహ్మద్‌నగర్ అడ్డు తొలగడమంటే తెలుగునేలకు దారి తెరుచుకోవడమే. 1687లో ఔరంగజేబు ఆ పని పూర్తి చేశాడు.

ఖిర్కీ తరువాత ఔరంగాబాద్ అయింది, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. అహ్మద్‌నగర్ అహిల్యానగర్‌గా మారింది. కొండల నుంచి నీళ్లు తెచ్చేందుకు అంబర్ తవ్వించిన భూగర్భ కాలువను మాత్రం ఇప్పటికీ నహర్-ఎ-అంబరీ అనే పిలుస్తారు. ఎవరు స్థానికులు, ఎవరు పరాయివాళ్లు అన్న వాదన నడిచే ప్రతిసారీ అతని జీవితం ఇబ్బంది పెడుతుంది. ఉత్తరాది చక్రవర్తి నుంచి దక్కన్ సింహాసనాన్ని పాతికేళ్లు కాపాడినవాడు, సముద్రం దాటించి అమ్మిన బానిస.