దానశీల జోన్ క్రాక్

ధనము నార్జించుట కష్టము. ఆర్జించిన ధనమును పదిమందికి పనికివచ్చునట్లు వ్యయము చేయుట అంతకంటెను కష్టము. దానము చేయువారు లోకమున పెక్కుమంది కలరు. చేసిన దానమును మఱుగుపఱుపదలచువారు మాత్రము అరుదు. అమెరికా దేశమునకు చెందిన జోన్ క్రాక్ అట్టివారిలో నొకరు.

జోన్ 1928వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమున జన్మించెను. అది సామాన్య కుటుంబము. తండ్రి కొంతకాలము రైల్వేలో తంతి గుమాస్తాగా పనిచేసెను. తల్లికి వయొలిన్ వాదనమున మంచి ప్రవేశము కలదు. ఆ సంగీతాభిరుచి కుమార్తెకును అబ్బెను. జోన్ పియానో నేర్చి, పదునైదేండ్ల ప్రాయముననే పిల్లలకు పాఠములు చెప్పసాగెను. 1945లో ఆమెకు వివాహమయ్యెను. మరుసటి యేట ఒక కుమార్తె కలిగెను. సంసారమునకు తోడుగా ఆమె భోజనశాలలలో సంగీతము వాయించుచుండెను.

1957లో సెయింట్ పాల్‌లోని ఒక భోజనశాలలో ఆమె వాయించుచుండగా రే క్రాక్ అను వ్యాపారి అచటికి వచ్చెను. మెక్‌డొనాల్డ్స్ ఫలహారశాలలను దేశమంతట నెలకొల్పుచున్నవాడాయన. మొదటి వివాహబంధము వీడిన పిమ్మట 1969లో జోన్ ఆయనను పెండ్లాడెను.

రే క్రాక్‌కు బేస్‌బాల్ ఆటయందు మిక్కిలి మక్కువ. సాన్ డియేగో నగరపు పాడ్రెస్ జట్టు వేఱొక నగరమునకు తరలిపోనున్న తరుణమున, 1974లో ఆయన దానిని 1 కోటి 20 లక్షల డాలర్లకు కొని అచటనే నిలిపెను. 1976లో జోన్, త్రాగుడుచే చెడిన కుటుంబములకు తోడ్పడుటకై ఆపరేషన్ కార్క్ అను సంస్థను స్థాపించెను. క్రాక్ అను పేరులోని ఆంగ్లాక్షరములను వెనుకనుండి చదివినచో కార్క్ అగును. ఆ మాటకు సీసా బిరడా యని యర్థము.

1984 జనవరి 14న రే క్రాక్ మరణించెను. జట్టు భారము జోన్‌పై పడెను. ఆ యేడు ఆటగాండ్రు ఆయన పేరులోని పొడియక్షరములను చొక్కాచేతులపై ధరించి ఆడి, జట్టు చరిత్రలో మొదటిసారిగా నేషనల్ లీగ్ విజేతలైరి. తుదిపోటీలో మాత్రము డెట్రాయిట్ జట్టుచేత ఓడిరి. కొంతకాలమునకు జోన్ ఆ జట్టును నగరమునకే ఉచితముగా నీయదలచెను. ఇతర జట్ల యజమానులు అందుల కంగీకరింపలేదు. తుదకు 1990లో ఆమె దానిని విక్రయించెను.

అణ్వస్త్రముల పోటీ లోకమును భయపెట్టుచున్న ఆ దినములలో జోన్ శాంతికొఱకు పాటుపడెను. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడగు హెస్‌బర్గ్ చేసిన ప్రసంగమును విని, అచట శాంతిని గూర్చిన అధ్యయనమునకు 60 లక్షల డాలర్లు ఒసగెను.

1997 ఏప్రిల్‌లో ఉత్తర డకోటా రాష్ట్రములోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణమును రెడ్ నది ముంచెత్తెను. వేలకొలది జనులు ఇండ్లు విడిచి పోయిరి. వరదనీటి నడుమ అగ్నిప్రమాదము కూడ సంభవించి, పట్టణమధ్యమున అనేక భవనములు దగ్ధమయ్యెను. అపుడు పేరు తెలియని యొక దాత 1 కోటి 50 లక్షల డాలర్లు పంపెను. ఆ ధనమునుండి ఒక్కొక్క కుటుంబమునకు 2,000 డాలర్లు పంచిరి. పట్టణవాసులు ఆ దాతను దేవదూతయని చెప్పుకొనసాగిరి. జోన్ తన సాయము ఎట్లు వినియోగపడుచున్నదో చూచుటకు రహస్యముగా విమానములో వచ్చెను. పత్రికలవారు ఆ విమానపు సంఖ్యనుబట్టి ఆమె పేరు వెల్లడించిరి. గుప్తముగా నుంచదలచిన దానము అట్లు లోకమునకు తెలిసెను.

సాన్ డియేగోలో పేదపిల్లలు సురక్షితముగా ఆడుకొనుటకును, చదువుకొనుటకును తగిన స్థలము లేమి ఆమెను బాధించెను. సాల్వేషన్ ఆర్మీ సంస్థకు 8 కోట్లకు మించిన డాలర్లిచ్చి, సుమారు 12 ఎకరముల స్థలమున ఒక కేంద్రమును కట్టించెను. ఈతకొలనులు, నాటకశాల, మంచుపై జారి యాడు మైదానము గల ఆ కేంద్రము 2002లో ప్రారంభమయ్యెను. ధనికుల బిడ్డలకు మాత్రమే లభించు వసతులు పేదబిడ్డలకును లభించెను.

2003 అక్టోబరు 12న జోన్ మెదడులోని క్యాన్సర్ వ్యాధిచే 75వ యేట మరణించెను. మరణశాసనమువలన సాల్వేషన్ ఆర్మీకి 150 కోట్లకు మించిన డాలర్లు సంక్రమించెను. అందు సగము క్రొత్త కేంద్రముల నిర్మాణమునకును, తక్కిన సగము వాని నిర్వహణకొఱకు మూలధనముగా నుంచుటకును నిర్ణయించిరి. కట్టిన భవనము పోషణలేక పాడుపడినచో దానము వ్యర్థమగును గదా! తరువాతి సంవత్సరములలో అమెరికాలో అట్టి కేంద్రములు ఇరువదికి పైగా వెలసెను. ప్రజల రేడియో సంస్థకును 20 కోట్లకు మించిన డాలర్లు లభించెను.

పియానో పాఠములు చెప్పి బ్రదుకు నారంభించిన బాలిక, తుదకు అపార సంపదకు అధికారిణి అయ్యెను. ఆ సంపదను ఆమె తనదిగా దాచుకొనక, తనచేతిలో నుంచబడిన పరుల సొమ్మువలె పంచిపెట్టెను. ఆమె పేరు నిలుచుటకు కారణమిదియే.