నిప్పురవ్వలు లేని మోటారు: నికోలా టెస్లా జీవితం

1870వ దశకంలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరపు పాలిటెక్నిక్ కళాశాలలో ఒక ఆచార్యుడు డీసీ యంత్రాన్ని నడిపి చూపుతున్నారు. తిరిగే భాగానికి ఆనుకుని ఉన్న బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు రాలుతున్నాయి. ఏకాంతర విద్యుత్తును, అంటే ఏసీని వాడితే ఈ బ్రష్‌ల అవసరమే ఉండదు కదా అని ఒక విద్యార్థి సందేహం వెలిబుచ్చాడు. అది అసాధ్యమని ఆచార్యుడు తరగతి అందరి ముందూ తేల్చిచెప్పారు. ఆ విద్యార్థి పేరు నికోలా టెస్లా.

నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామంలో, ఒక సెర్బు కుటుంబంలో 1856 జూలై 10న టెస్లా జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడు కూడా అదే వృత్తి చేపట్టాలని ఆయన ఆశించినా, టెస్లా మనసు యంత్రాలపైనే నిలిచింది. గ్రాజ్‌లో చదువు పట్టా లేకుండానే ముగిసినప్పటికీ ఆనాటి సందేహం ఆయనను వీడలేదు. 1882లో బుడాపెస్ట్ ఉద్యానవనంలో మిత్రునితో కలిసి నడుస్తుండగా దానికి సమాధానం స్ఫురించిందని తర్వాతి కాలంలో ఆయనే రాసుకున్నారు.

ఆ సమాధానమే భ్రమణ అయస్కాంత క్షేత్రం. కదలకుండా ఉన్న తీగచుట్టల్లోకి, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే ఏసీ ప్రవాహాలను పంపితే, వాటి మధ్య అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. లోపలి చక్రంలో అది విద్యుత్తును ప్రేరేపించి, చక్రాన్ని తనతోపాటు లాక్కుపోతుంది. చక్రానికి తీగ తగిలించే పని లేదు. బ్రష్‌లు లేవు కనుక రవ్వలూ లేవు. ఇదే ఇండక్షన్ మోటారు.

1884లో అమెరికా చేరిన టెస్లా కొద్ది నెలలు ఎడిసన్ సంస్థలో పనిచేసి బయటికి వచ్చారు. ఒక దశలో పొట్టకూటికి కందకాలు తవ్వారు. 1888 మే 1న ఆయన మోటార్లకు పేటెంట్లు లభించాయి. అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో ఫెరారిస్ కూడా స్వతంత్రంగా సాగించిన ఇటువంటి పరిశోధననే ప్రకటించారు. మరుసటి సంవత్సరం దోలివో దోబ్రొవోల్‌స్కీ త్రీఫేజ్ మోటారును తీర్చిదిద్దారు.

నేడు పొలాల్లోని త్రీఫేజ్ పంపుసెట్లు, కర్మాగారాల యంత్రాలు, మన రైల్వేల ఆధునిక విద్యుత్ ఇంజన్లు నడిచేది ఈ సూత్రంపైనే. ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ విద్యుత్తు తనంతట తాను భ్రమణ క్షేత్రాన్ని సృష్టించలేదు. అందుకే సాధారణ సీలింగ్ ఫ్యానుకు కెపాసిటర్ అమర్చి, రెండో తీగచుట్ట ద్వారా ఆ లోటు పూరిస్తారు. కెపాసిటర్ పాడైన ఫ్యాను చేత్తో తిప్పితే గాని కదలకపోవడానికి కారణం అదే. ఇండక్షన్ మోటారు క్షేత్రం కన్నా కాస్త వెనుకబడి తిరుగుతుంది. సింక్రనస్ మోటారు సరిగ్గా క్షేత్రం వేగంతోనే తిరుగుతుంది కనుక, వేగం మారకూడని చోట దానిని వాడతారు. చిన్న పరిమాణంలో అధిక వేగం కావలసిన మిక్సీలో మాత్రం బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారే ఉంటుంది. గ్రాజ్ తరగతి గదిలో కనిపించిన రవ్వలు అందులో ఇప్పటికీ కనిపిస్తాయి.

టెస్లా పేటెంట్లను పారిశ్రామికవేత్త జార్జ్ వెస్టింగ్‌హౌస్ తీసుకున్నారు. హార్స్‌పవర్‌కు రెండున్నర డాలర్ల రాయల్టీ ఒప్పందంలో భాగం. అయితే వెస్టింగ్‌హౌస్ సంస్థ ఆర్థిక సంక్షోభంలో పడినప్పుడు టెస్లా ఆ రాయల్టీని వదులుకున్నారు. సంస్థ నిలిచింది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన ఏసీ దీపాలతో వెలిగింది. 1896లో నయాగరా జలపాతం నుంచి బఫెలో నగరానికి విద్యుత్తు చేరింది.

ఆ తర్వాత తీగలు లేకుండా విద్యుత్తును పంపాలన్న ప్రయత్నంలో ఆయన సంపాదన కరిగిపోయింది. అప్పులతో హోటళ్లు మారుతూ, పావురాలకు గింజలు వేస్తూ అవసాన దశ గడిపారు. 1943 జనవరి 7న న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ఒంటరిగా కన్నుమూశారు. 1960లో అయస్కాంత క్షేత్ర తీవ్రతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణానికి ఆయన పేరు పెట్టారు. వదులుకున్న రాయల్టీ ఆయనకు తిరిగి రాలేదు. ఆయన ఊహించిన మోటారు మాత్రం నేటికీ బావుల నుంచి నీరు తోడుతూనే ఉంది.