శ్రీ రమణ భగవానుల అంత్యకాల బోధ

మరణశయ్యపై ఉన్నవారికి చికిత్స ఎంతవరకు జరపాలి, ఎక్కడ విరమించాలి అనే ధర్మసందేహం ప్రతి గృహస్థునకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. దీనికి మతాలు చెప్పిన సమాధానాలు ఒక్కటి కావు. జైనులలో ఆహారాన్ని క్రమంగా విసర్జించే సల్లేఖన వ్రతం ఉన్నది. కాథలిక్కుల మతాధిపతి పోప్ పన్నెండవ పయస్ 1957లో వైద్యులతో ప్రసంగిస్తూ, సాధారణ చికిత్స విధియే గాని అసాధారణ సాధనాలను ఆశ్రయించి తీరాలన్న నిర్బంధం లేదని వివరించినారు. మన దేశంలో ఒక మహనీయుడు ఈ సందేహానికి తన జీవితంతోనే సమాధానం చెప్పినారు. ఆయన శ్రీ రమణ మహర్షి.

తమిళదేశంలోని తిరుచ్చుళిలో 1879 డిసెంబరు 30న జన్మించిన వేంకటరామన్, పదహారేండ్ల ప్రాయంలో మదురైలో మృత్యుభయాన్ని ఎదుర్కొని, దేహంతో నశించని ఆత్మను దర్శించినారు. 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, మరల ఆ క్షేత్రాన్ని వీడలేదు. మన కావ్యకంఠ గణపతిముని 1907లో ఆయనను భగవాన్ శ్రీ రమణ మహర్షిగా లోకానికి ప్రకటించినారు.

1914లో తల్లి అళగమ్మ తిరుపతి యాత్ర చేసి, తిరుగుదారిలో అరుణాచలానికి వచ్చి తీవ్రజ్వరం పాలైనారు. సర్వసంగపరిత్యాగియైన కుమారుడు స్వయంగా పరిచర్య చేసినారు. ఆమె స్వస్థతకై అరుణాచలేశ్వరుని పద్యాలతో ప్రార్థించినారు. ఆమె కోలుకొన్నారు. 1922 మే 19న ఆమె అంత్యకాలం సమీపించినప్పుడు ఆయన చేసిన సేవ వేరు. ఒక చేయి హృదయంపై, మరొకటి శిరస్సుపై ఉంచి, ప్రాణం శాంతించేవరకు గంటల తరబడి ప్రక్కనే కూర్చున్నారు. ప్రేమ ఒక్కటే, కాలాన్ని బట్టి సేవ మారినది.

భగవానుల ఎడమ మోచేతి వద్ద చిన్న కణితి కనిపించినది. 1949 ఫిబ్రవరిలో దానిని తొలగించినారు. అది మరల పెరిగినది. అది సార్కోమా అనే దుష్టవ్రణమని వైద్యులు నిర్ధారించినారు. ఆ సంవత్సరంలోనే నాలుగు శస్త్రచికిత్సలు జరిగినవి. రేడియం, మూలికలు, ఆయుర్వేదం, హోమియోపతి అన్నీ ప్రయోగించినారు. భక్తుల తృప్తికై ఆయన దేనినీ కాదనలేదు. చేతిని పూర్తిగా తొలగించే సూచనకు మాత్రం అంగీకరించలేదు. అంత బాధలోనూ భక్తులకు దర్శనం ఆపనీయలేదు.

1950 ఏప్రిల్ 14 సాయంకాలం ఒక వైద్యుడు ప్రాణవాయువు అందించబోగా, కుడిచేతితో సైగచేసి వారించినారు. వెలుపల భక్తులు అరుణాచల శివ నామం గానం చేస్తుండగా, రాత్రి 8 గంటల 47 నిమిషాలకు శ్వాస నిలిచినది.

ఇందులో మనకొక వివేకం ఉన్నది. ఫలించగల చికిత్సను ఆయన నిరాకరించలేదు; పోవు దేహాన్ని పట్టి నిలపనూ లేదు. నిర్ణయం తనదే ఐనా, సేవించువారి ప్రేమను నొప్పించలేదు. గౌరవంతో మరణించడం కూడ జీవించు హక్కులో భాగమేనని, కృత్రిమ సాధనాలు వద్దని ముందుగా వ్రాసి ఉంచుకొనవచ్చునని భారత సర్వోన్నత న్యాయస్థానం 2018లో తీర్పు ఇచ్చినది. చట్టం అనుమతిని మాత్రమే ఇవ్వగలదు. తల్లిదండ్రుల అభీష్టాన్ని వారు చెప్పగలిగినప్పుడే అడిగి తెలిసికొనడం బిడ్డల విధి. చికిత్స విరమించిన తరువాత కూడ సేవ విరమించరాదు. ఔషధం పనిచేయని వేళ హృదయంపై ఉంచిన చేయి పనిచేస్తుంది.