రడ్జ్ బండి విప్పిన కుర్రాడు

కాణిపాకంలో వాహన పూజలు జరిగే చోట కాసేపు నిలబడి చూడండి. నిమ్మకాయలు తొక్కించుకుని, బానెట్ మీద పసుపు కుంకుమ బొట్లతో కొత్త కార్లు ఒక్కొక్కటే కదులుతుంటాయి. వాటిలో కోటి రూపాయలు దాటినవీ ఉంటాయి. జనం ఒకసారి చూసి పక్కకు తప్పుకుంటారు. అదే వరుసలోకి అరవై ఏళ్ల నాటి పాత బెంజ్ కారు ఒకటి వచ్చిందనుకోండి. గుండ్రటి హెడ్‌లైట్లు, మెరిసే ఇనుప బంపరు, పెద్ద స్టీరింగు. వెంటనే మీ చేయి జేబులోని ఫోన్ మీదికి పోతుంది. ఫొటో తీస్తారు. లోపలికి తొంగి చూస్తారు. ఓనరు ఒప్పుకుంటే బానెట్ ఎత్తి చూడాలనిపిస్తుంది.

ఎందుకలా? సౌకర్యాల లెక్క తీస్తే కొత్త కారే గెలుస్తుంది. పాతదాంట్లో ఏసీ కూడా ఉండకపోవచ్చు. అయినా మనసు అటే లాగుతుంది. ఇది పాతకాలం మీద మోజేలే అని కొట్టిపారేయొచ్చు. కానీ ఇందులో మీ చదువుకు, రేపటి పనికి ఉపయోగపడే సంగతి ఒకటుంది. అది తెలియాలంటే కాట్పాడి మీదుగా కోయంబత్తూరు దాకా వెళ్లాలి. అక్కడి ఓ తెలుగు రైతు కుటుంబంలో పుట్టి, బడి చదువు అబ్బకపోయినా యంత్రాల మనిషిగా దేశమంతా పేరు తెచ్చుకున్న జి.డి. నాయుడు జీవితం చూడాలి.

బడి పట్టలేదు, బండి పట్టింది

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే ఊళ్లో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయారు. బడి ఆయనకు సరిపడలేదు, చిన్న తరగతులతోనే ఆపేశారు. తర్వాత చదివిందంతా సొంతంగా చదువుకున్నదే.

కుర్రతనంలో ఓ రోజు, ఊరికి వచ్చిన ఓ తెల్లదొర దగ్గర రడ్జ్ కంపెనీ మోటార్ సైకిల్ చూశారు. ఎద్దులు లేవు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది. ఆ దృశ్యం మనసులో నాటుకుపోయింది. ఎలాగైనా ఆ బండి సంపాదించాలని కోయంబత్తూరు చేరి, హోటల్లో సర్వరుగా పనిచేశారు. వచ్చిన జీతంలో కొంచెం కొంచెం దాచి, చివరికి ఆ బండిని కొన్నారు.

కొన్నాక ఏం చేశారో గమనించండి. దాన్ని పూర్తిగా విప్పేశారు. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుంది, ఏది తిరిగితే ఏది కదులుతుంది అని చూసుకుంటూ మళ్లీ బిగించారు. ఆయన ఇంజినీరింగ్ చదువుకు మొదటి పుస్తకం ఆ బండే. నేర్పే గురువు లేడు, సర్టిఫికెట్ లేదు.

ఇలాంటి కథే ఇంగ్లండ్‌లో కూడా ఉంది. పేద ఇంట్లో పుట్టి, పేపర్లు అమ్మి, టెలిగ్రాములు పంచిన హెన్రీ రాయిస్ ఓ సెకండ్‌హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నారు. దాని పనితనం నచ్చలేదు. విప్పి చూసి, ఇంతకంటే బాగా చేయొచ్చని 1904లో సొంత కారు తయారుచేశారు. రోల్స్ రాయిస్ అనే పేరు వెనుక ఉన్నది ఆ పనే. కోయంబత్తూరులోనైనా, మాంచెస్టర్‌లోనైనా మొదటి మెట్టు ఒకటే. ఎవరో చేసిన యంత్రాన్ని విప్పి చూడటం.

ఒక్క బస్సుతో మొదలు

నాయుడు మొదట పత్తి వ్యాపారం చేసి చేతులు కాల్చుకున్నారు. ఆ తర్వాత రాబర్ట్ స్టేన్స్ అనే పారిశ్రామికవేత్త అండతో ఓ బస్సు కొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య దాన్ని స్వయంగా నడిపారు. మనకు తిరుమల ఎలాగో అటువైపు వాళ్లకు పళని అలాగ. యాత్రికుల రద్దీకి కొదవ లేదు. ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలోనే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1930ల నాటికి రెండు వందలకు పైగా బస్సులు ఆ పేరుతో తిరిగాయి.

బస్సు దారిలో ఆగిపోతే ఆ రోజు రాబడి పోయినట్టే. అందుకే ఇంజిన్ అదురును పరీక్షించే పరికరం తయారుచేశారు. ఈరోజు పెద్ద ఫ్యాక్టరీల్లో సెన్సర్లతో చేస్తున్న పని ఇదే.

ఆ తర్వాత ఆయన చేయి పెట్టని వస్తువు లేదనిపిస్తుంది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి చేసిన ఎలక్ట్రిక్ మోటారు దేశంలో తయారైన తొలి మోటారుగా పేరు పొందింది. కోయంబత్తూరు మోటార్లు, పంపుసెట్లు మన చిత్తూరు బోర్ల దాకా రావడానికి దారి వేసిన పనుల్లో అదొకటి. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే మిషను, పళ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా చేశారు. కెమెరా అంటే మరీ ఇష్టం. 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా సినిమా తీశారు.

ఆగిపోయిన రెండు వేల కారు

ఇన్ని గెలుపుల మధ్య పెద్ద దెబ్బ కారు విషయంలోనే తగిలింది. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలు. మామూలు ఉద్యోగి కూడా కారు కొనాలన్నది లెక్క. కానీ అది లైసెన్సుల కాలం. ఫ్యాక్టరీలో ఏం తయారుచేయాలన్నా ఢిల్లీ ఒప్పుకోవాలి. ఆ కారుకు అనుమతి రాలేదు, తయారీ ఆగిపోయింది. చవక కారు అనే ఆలోచన 2008లో టాటా నానోతో దేశమంతటా మరోసారి చర్చలోకి వచ్చింది. నాయుడు కారుకు అది 56 ఏళ్ల తర్వాత.

కొత్త కారు కంటికి ఎందుకు ఆనదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నాయుడు కాలంలో ఖరీదైన కారంటే ఒక్కోటి ఒక్కో మనిషి కోసం చేసిన వస్తువు. కంపెనీ ఇంజిన్, చట్రం ఇచ్చేది. పైన బాడీని వేరే పనివాళ్లు కొన్నవారి కోరిక మేరకు కట్టేవాళ్లు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన కారది. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. అలాంటిది ఇంకొకటి దొరకదు.

ఇప్పటి కార్ల తయారీ వేరు. ఆడీ క్యూ7, పోర్షె కయెన్, బెంట్లీ బెంటేగా, లంబోర్గిని ఉరుస్.. ఈ నాలుగూ ఒకే గ్రూపువి. వీటి అడుగున ఉన్న మూల నిర్మాణం ఒకటే. ఖర్చు తగ్గుతుంది, తప్పులు తగ్గుతాయి, నిజమే. కానీ ప్రత్యేకత కూడా తగ్గుతుంది. గాలిని చీల్చుకుపోవాలి, పెట్రోలు మిగలాలి, పాదచారికి తగిలినా దెబ్బ తక్కువ పడాలి అనే నిబంధనలు అన్ని కంపెనీలకూ వర్తిస్తాయి. లెక్క ఒకటే అయినప్పుడు జవాబులూ దగ్గర దగ్గరగానే వస్తాయి. అందుకే దూరం నుంచి చూస్తే ఏది ఏ కంపెనీదో చెప్పడం కష్టం.

ఇంకో కారణం, ఒకప్పటి లగ్జరీ ఇప్పుడు అందరికీ అందింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ 1978లో బెంజ్ ఎస్ క్లాస్‌తో వచ్చింది. మన దేశంలో 2019 నుంచి ప్రతి కొత్త కారులోనూ అది ఉండాల్సిందే. చిన్న కారులోనూ ఏసీ, కెమెరా, స్క్రీను ఉన్నాయి. ఖరీదైన కారు చేసేదేమిటి? ఇంకా పెద్ద స్క్రీను పెడుతోంది. స్క్రీను మాత్రం ఫోన్ లాంటిది, నాలుగేళ్లకే పాతబడినట్టు కనిపిస్తుంది. చెక్క, తోలు, ఇనుము అలా కాదు. వాడేకొద్దీ వాటికో నిగారింపు వస్తుంది.

అన్నిటికంటే పెద్ద కారణం మూత. పాత కారు బానెట్ ఎత్తితే కార్బురేటర్ ఇది, ప్లగ్గు ఇది, ఫ్యాన్ బెల్టు ఇది అని వేలు పెట్టి చూపించొచ్చు. అంబాసిడర్ ఎక్కడ ఆగినా పక్క ఊరి షెడ్డులో మెకానిక్ అన్న బాగుచేసి పంపేవాడు. ఇప్పటి లగ్జరీ కారు బానెట్ ఎత్తితే కనిపించేది ఓ నల్లటి ప్లాస్టిక్ కవరు. దాని కింద డజన్ల కొద్దీ చిన్న కంప్యూటర్లు. కొన్ని విడిభాగాలు మార్చాక కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటేనే పనిచేస్తాయి. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటును వెచ్చబరిచే సౌకర్యానికి నెలనెలా డబ్బు కట్టమంది. విమర్శలు రావడంతో మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఎంత హక్కుందో ఆలోచించండి.

అలాగని పాతవే గొప్పవి అనుకుంటే పొరపాటే. సీటు బెల్టు కూడా లేని కార్లవి. పొగ ఎక్కువ, మైలేజీ తక్కువ. ప్రమాదం జరిగితే ప్రాణాలు కాపాడేది కొత్త కారే. తిరుమల ఘాట్‌లో అమ్మానాన్నలను తీసుకెళ్లాల్సి వస్తే మీరు కూడా కొత్తదే ఎంచుకోవాలి. పాత కారు మనల్ని పట్టి ఆపేది దాని వయసు వల్ల కాదు. అది తనను తాను దాచుకోదు. చూస్తే అర్థమవుతుంది. అర్థమైనదాని మీద ఇష్టం పెరుగుతుంది.

ఆయన కోరిన కాలేజీ

ఘాట్ రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఓ సంగతి. తిరుమల మొదటి ఘాట్ రోడ్డును 1944లో ప్రారంభించింది అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్. ఆ మరుసటి ఏడాది అదే గవర్నర్ పేరుతో నాయుడు కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ మొదలుకావడానికి తన ఆస్తిని ఇచ్చారు. ప్రిన్సిపల్‌గా కూడా పనిచేశారు. ఇప్పటి ప్రభుత్వ టెక్నాలజీ కాలేజీకి మూలం అదే.

అయితే అక్కడ ఎక్కువ కాలం ఇమడలేదు. యంత్రం ముందు నిలబెట్టి నేర్పిస్తే ఇంజినీరింగ్‌కు అన్నేళ్లు అక్కర్లేదని ఆయన వాదం. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఈ వాదంలో ఆయనదంతా సరైనదని అనలేం. వంతెన కట్టేవాడికి, ఇంజిన్ డిజైన్ చేసేవాడికి గణితం, భౌతిక శాస్త్రం లోతుగా రావాలి. వాటికి టైం పడుతుంది. కానీ ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. నాలుగేళ్ల బీటెక్‌లో ఒక్కసారైనా ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బిగించారా? జవాబు మీకే తెలుసు.

మీరు ఏం చేయొచ్చు?

నాయుడు కాలంలో యంత్రం పానాతో తెరుచుకునేది. ఇప్పుడు పానాతో సగమే తెరుచుకుంటుంది. మిగతా సగం స్టీరింగు కింద ఉండే ఓబీడీ పోర్టుకు స్కానర్ తగిలిస్తే తెరుచుకుంటుంది. రెండూ వచ్చినవాడికే రేపు గిరాకీ. పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు. ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ ట్రేడు కూడా ఉంది. పాలిసెట్ రాస్తే డిప్లొమా దారి. డిగ్రీలో ఉన్నవాళ్లు కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ పద్ధతి గురించి సొంతంగా నేర్చుకోవచ్చు.

పని కోసం దూరం వెళ్లక్కర్లేదు. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, చిన్నపాండూరులో అపోలో టైర్లు, సత్యవేడు మండలంలో హీరో బైకులు తయారవుతున్నాయి. అక్కడ అప్రెంటిస్‌గా చేరే అవకాశం దొరికితే స్టైపెండ్ ఎంతని అడగండి, తప్పులేదు. దానితో పాటు ఏ మిషను మీద పని నేర్పుతారో కూడా అడగండి.

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుతో ప్రదర్శనశాలలు ఉన్నాయి. 2015లో కార్ల మ్యూజియం కూడా తెరిచారు. కారు అనే యంత్రం ఏ మార్పులు చెందుతూ వచ్చిందో వరుసగా చూడొచ్చు. తిరుపతి నుంచి నేరుగా రైలుంది. సెలవుల్లో స్నేహితులతో వెళ్లి రండి.

అంతదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఇంట్లో మూలన పడిన మిక్సీ, పాత ఫ్యాను, నాన్న వాడి వదిలేసిన స్కూటరు ఏదో ఒకటి ఉంటుంది. ప్లగ్గు తీసి, కరెంటు లేదని సరిచూసుకుని, అడిగి మరీ విప్పండి. విప్పే ముందు ప్రతి దశలోనూ ఫొటో తీసి పెట్టుకోండి, బిగించేటప్పుడు అక్కరకొస్తుంది. చివర్లో ఒకటి రెండు స్క్రూలు మిగిలిపోతే కంగారు పడొద్దు. అవి ఎక్కడివో వెతకడంతోనే అసలు చదువు మొదలవుతుంది.