జార్జి ముల్లర్ గారి మారుమనస్సు

నర్సాపురం ప్రాంతమున సువార్త ప్రకటించిన బౌడెన్, బీర్ దొరలను 1836లో ఇంగ్లండునుండి తోడుకొని వచ్చినవారు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారు. ఆయన చెల్లెలిని వివాహమాడిన జార్జి ముల్లర్ గారిని అనాథల తండ్రి యని చెప్పుకొందుము. ఆయన యౌవనము ఎట్టిదో అంతగా చెప్పుకొనము. నేడు దానినే తలపోయుదము.

ఆయన 1805లో ప్రష్యా దేశమున పుట్టెను. తండ్రి పన్నులు వసూలుచేయు ఉద్యోగి. 10 యేండ్లు నిండకమునుపే ఈ బాలుడు తండ్రియొద్దనున్న సర్కారు సొమ్ము దొంగిలించుచుండెను. తల్లి మరణించిన రాత్రి, ఆ సంగతి తెలియక, పేకాటలో కూర్చుండెను. అప్పటికి వయస్సు 14. పదునారవయేట పూటకూళ్ల యిండ్లలో బసచేసి, బాకీ చెల్లింపక చెరసాల పాలాయెను. తండ్రి బాకీలు తీర్చి, ఇంటికి తెచ్చి కొట్టెను. దెబ్బలవలన బుద్ధి రాలేదు. తరువాత బడిలోనుండగా తన పెట్టె తాళము తానే పగులగొట్టి, దొంగలు దోచిరని గగ్గోలు పెట్టి, స్నేహితులయొద్ద డబ్బు పుచ్చుకొనెను!

ఇతడు నాస్తికుడు కాడు సుమా. ఏడాదికి రెండుమారులు ప్రభువు బల్లయొద్దకు వచ్చుచుండెను. వచ్చినప్పుడెల్ల ఇకమీదట మంచివాడనై యుందునని తీర్మానించుకొనును. ఒకటి రెండు దినములు నిలుచును. పిమ్మట మరల పాత త్రోవయే. మనలో ఎందరికి ఈ త్రోవ క్రొత్తది? పాదిరి కావలెనని హల్లె విశ్వవిద్యాలయమున చేరిన 1825లోనే స్నేహితులతో స్విట్జర్లాండు ప్రయాణము చేసెను. అందరి డబ్బుసంచి తన చేతనుండగా, యూదావలె మోసగించి తన వంతు ఖర్చు తగ్గించుకొనెను.

ఆ నవంబరులో ఒక శనివారము సాయంకాలము స్నేహితుని వెంట వాగ్నెర్ అను వర్తకుని యింటి ప్రార్థన కూటమునకు పోయెను. అక్కడ గొప్ప ప్రసంగమేదియు జరుగలేదు. పాదిరి లేనిచోట వాక్యము వివరించుటకు ఆ దేశ చట్టము ఒప్పదు గనుక అచ్చువేసిన ప్రసంగమొకటి చదివిరి. అయితే ఒక సహోదరుడు మోకరించి ప్రార్థించెను. పాదిరి చదువు చదువుచున్న ముల్లర్ మోకాళ్లూని ప్రార్థించువానిని అంతకుముందెన్నడు చూడలేదు, తానును అట్లు ప్రార్థింపలేదు! తీర్మానములు చేసికొనుచు వచ్చెనే గాని దేవుని యెదుట పడినవాడు కాడు. ఆ రాత్రి సమాధానముతో పండుకొనెను.

చెడు స్నేహములు, సారాయంగడి మానెను. అబద్ధము మాత్రము ఒక్కనాటితో పోలేదు. ఆ తరువాతను కొన్నిమారులు నోట జారెను. దీనిని ఆయనే వ్రాసి పెట్టుట మాకు మిక్కిలి ఆదరణ. మారుమనస్సు పొందిన మరునాడే సంపూర్ణులమైతిమని సాక్ష్యమిచ్చువారు కలరు, మేమట్లు చెప్పజాలము.

1836లో బ్రిస్టలు పట్టణమున అనాథాశ్రమము తెరచెను. ఆయన కాలమున సుమారు 10 వేలమంది బిడ్డలు అందులో పెరిగిరి. మనుష్యులను అడుగక దేవునినే అడుగగా ఆయన చేతికి వచ్చిన సొమ్ము 14 లక్షల పౌనులకు పైమాటే. స్నేహితుల సంచిలో దొంగిలించిన ఆ చేయి పెన్నీ పెన్నీకి లెక్క వ్రాసి యేటేట అచ్చువేయించెను. 1898 మార్చి 10న ఆయన ప్రభువునందు నిద్రించినప్పుడు పుస్తకములు, ఇంటి సామానుతో కూడ ఆయన సొంత ఆస్తి 170 పౌనులైనను లేదు.